తీగలు తెగినా ఆగని గిటారు

తిరుచానూరు లాడ్జీల వీధిలో గురప్ప టీకొట్టు. పక్క లాడ్జీలో పనిచేసే పునీత్ గ్లాసు చేతికి తీసుకున్నాడంటే కోతలు మొదలైనట్టే. ఆ పూట అతనితో కలిసి చదివిన లోహిత కూడా బెంచీ మీద కూర్చునుంది.

"గిటారు నేర్చుకునేది ఏమంత కష్టం గురప్పా? పదో తరగతిలో ఫోన్లో వీడియోలు సూసి మూడు నెలల్లో నేర్చుకుంటి. సరే, నెల అనుకో. నిజం చెప్పాలంటే వారమే. కష్టమంతా బ్యాండుతోనే! ఆ ముగ్గురితో నేను పడిన పాట్లు పగోడికి కూడా వద్దబ్బా. డ్రమ్ములు మోహన్‌కృష్ణ. డ్రమ్ములు యాడివి, క్లాసు బెంచీ వాయించేవాడు. ఏ పాటకైనా వానికి ఒకటే దెబ్బ, పెండ్లి దెబ్బ. వెంకటముని కీబోర్డులో సగం మీటలు పలకవు. పాడేది ఇదో, ఈ లోహిత. శ్రుతి తప్పిందంటే అలిగేది."

"నేనా అలిగింది?" అంది లోహిత.

"సూడు, ఇప్పుడు కూడా! సరే, స్కూలు వార్షికోత్సవం వచ్చింది. స్టేజీ ఎక్కినాము. మొదటి పాటలోనే నా గిటారు తీగ పటామని తెగిపాయ. ఐదు తీగలతో లాగించినా. ఇంకోటి తెగె. మోహన్‌కృష్ణ దరువాపి నోరు తెరుచుకోని నన్నే సూస్తా ఉండాడు. వాయించరా అంటే వాయించడే! వీళ్ళతో ఎట్ల సచ్చేది? ఆఖరికి ఒకటే తీగ మిగిలె. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"అదీ తెగింటుంది," అన్నాడు గురప్ప, పాలు కలుపుతూ.

"తెగింది! అయినా పాట ఆగితే కదా? ఉత్త కట్టె మీద వేళ్ళాడిస్తా ఉంటే పాట వస్తానే ఉండాది. కాణిపాకం పోయే బస్సులు నిలిచిపాయ. జనం దిగి స్కూలు గోడెక్కినారు. పులికాట్ కాడ నుంచి కొంగలు గుంపుగా వచ్చి, ఒంటికాలి మీద నిలబడి, తాళం తప్పకుండా తలలూపినాయి. మోహన్‌కృష్ణ కంటే అవే నయం!"

"కొంగలకు టీ ఇచ్చినారాప్పా?"

"ఎగతాళి వద్దు గురప్పా. పెట్టెలో పెట్టి తాళమేసినా ఆ గిటారు మూడు దినాలు మోగతానే ఉన్నింది. నమ్మకపోతే లోహితనడుగు."

లోహిత గ్లాసు టక్కున బెంచీ మీద పెట్టింది.

"ఆ పొద్దు నువ్వు రానే లేదు పునీతూ. మైకులో మూడుసార్లు పిలిచినారు. వాళ్ళిద్దరూ స్టేజీ మీద బిక్కమొగమేసుకోని నిలబడినారు. జనం నవ్వతా ఉంటే నేనొక్కదాన్నే పాడినా. పదేండ్లుగా ఈ కథ విని విని విసుగొచ్చింది నాకు. కొంగలొచ్చింది చెప్తావు, నువ్వెందుకు రాలేదో మాత్రం చెప్పవు."

గురప్ప పాలు కలపడం ఆపాడు.

"వచ్చినా లోహితా," అన్నాడు పునీత్. "గిటారు తీసుకోని గేటుదాకా వచ్చినా. మా నాయన ఆడ నిలబడి, 'మావోడు నూరు పాటలు వాయిస్తాడు' అని వచ్చినోళ్ళకంతా చెప్తా ఉన్న్యాడు."

"అయితే?"

"నాకు వచ్చింది ఒకటే పాట. అదీ సగమే."