బొత్తాలు పట్టని చొక్కా

భర్త రోడ్డు ప్రమాదంలో పోయిన మూడు నెలలకు కోడలు మళ్లీ టికెట్ల కౌంటరు ఉద్యోగంలోకి వెళ్లబోతోంది. యూనిఫాం చొక్కా పట్టక, ముందుగదిలో కుట్టుమిషను దగ్గరున్న అత్తగారి ముందుకు వచ్చి నిలబడింది.

“చెయ్యెత్తు. ఇంకాస్త. ముప్పై ఆరు.”

“టేపు జారిందేమో అత్తయ్యా.”

“ముప్పై ఏళ్లుగా పడుతున్న టేపు నా చేతిలో జారుతుందా? కిందటేడు ఈ చొక్కా కుట్టినప్పుడు ముప్పైనాలుగు ఉన్నావు.”

“ఇంట్లో కూర్చుని లావెక్కాను.”

“లావెక్కితే మొహం చెప్పేది. నీ మొహం చూస్తే పీక్కుపోయింది. ఏదీ, నడుం కొలత తియ్యనీ.”

“వద్దులెండి. పక్క కుట్లు విప్పితే సరిపోతుంది. సోమవారానికి కావాలి.”

“విప్పుతాలే. ఇటు తిరుగు. ఏంటలా ముడుచుకున్నావు?”

“ఏం లేదు.”

“టేపు తగిలితేనే నొప్పా?”

“కొంచెం.”

“ఎన్నాళ్ల నుంచి?”

“గుర్తు లేదు.”

“నిన్న నీ లోపలి బట్టలు ఉతికాను. గంజి మరకలా ఎండిపోయి ఉంది, పసుప్పచ్చగా. కూరేదో ఒలికిందనుకుందామంటే, కొలిచినట్టు రెండు పక్కలా ఒలికే కూర నేనెప్పుడూ వండలేదు.”

“నేను ఉతుక్కుంటానన్నాను కదా.”

“చనుమొనలు నల్లబడ్డాయా?”

“అత్తయ్యా.”

“నేనూ కన్నదాన్నే. నా దగ్గర సిగ్గేంటి? నల్లబడ్డాయా?”

“చుట్టూ కూడా. చిన్న చిన్న పొక్కుల్లా లేచాయి. నీలం నరాలు పైకి తేలాయి. అద్దంలో చూస్తే ఇంకెవరి ఒళ్లో అన్నట్టుంది. చూసుకోవడం మానేశాను.”

“అవి పొక్కులు కాదు. వాటిలోంచి వచ్చే జిడ్డే చర్మం పగలకుండా కాస్తుంది. సబ్బు పెట్టి తోమకు. కారేది ముర్రుపాలు, కొందరికి ముందే వస్తాయి. పిండి చూడకు, మెత్తటి నూలు గుడ్డ పెట్టుకో. వాడు కడుపులో ఉన్నప్పుడు నాకూ అంతే. మిషను మీదకి వంగితే చాలు, అంచు తగిలి ప్రాణం పోయేది. ఎన్నో నెల?”

“ఐదు.”

“ఐదా.”

“ఊఁ.”

“డాక్టరుకి చూపించావా?”

“రెండుసార్లు. బాగానే ఉందన్నారు.”

“మూడు నెలలుగా ఒకే గదిలో పడుకుంటున్నాం. ఒక్క ముక్క చెప్పలేదు.”

“నోరు రాలేదు.”

“పుట్టింటికి వెళ్లిపోదామనా? వెళ్తానంటే నేను ఆపను.”

“అది కాదు.”

“తీయించుకుందామనా?”

“కాదు. కంటాను.”

“మరి నా దగ్గర దాచడమెందుకు? నేను ఏడుస్తానని భయపడ్డావా? నాకు ఏడుపే రావడం లేదు. లేస్తున్నాను, మిషను తొక్కుతున్నాను, పడుకుంటున్నాను.”

“నాకూ అంతే.”

“సరే. పక్కల్లో గుడ్డ వేసి వదులు చేస్తాను. ఇంకో రెండు నెలలకి అదీ చాలదు, కొత్తది కుడతాను. పాలిచ్చే రోజులకి పనికొచ్చేలా ముందు బొత్తాలు దగ్గర దగ్గరగా పెడతాను.”

“మీ ఇష్టం.”

“నాకు ఒక్కటే మింగుడుపడటం లేదు. వాడు ఈ సంగతి తెలియకుండానే పోయాడు. తెలిసుంటే ఒక్క నిమిషమైనా సంతోషపడేవాడు.”

“ఆయనకి తెలుసు అత్తయ్యా.”

“ఎవరు చెప్పారు?”

“నేనే. పరీక్ష చేసుకుని, ఇంటికొచ్చేదాకా ఆగలేక ఫోన్ చేశాను. బండి నడుపుతూనే ఎత్తారు. ‘నిజమా’ అని నవ్వారు. తర్వాత ఇంకేం వినిపించలేదు.”