మస్కట్ నుంచి ఊ కొట్టినోడు

రఘునందన్, నువ్వు చాయ్ తాగు, తాగుకుంట ఇను. ఆదివారం మన హమాలీ సంఘం పండుగల నీ పాటల పార్టీకి బేస్ గిటార్ అక్కర లేదంటివి, కీబోర్డులనే అన్నీ వస్తయంటివి, గీ గంగాదాస్ ఇంట్ల కూసోవచ్చంటివి. నేను కూసోను. పసుపు మార్కెట్ల బస్తాలు కుట్టేటోడని తక్కువ చూడకు, గీ వేళ్లతోని ఏడేండ్లు రాక్ బ్యాండుల బేస్ వాయించిన. సాక్ష్యం కావాల్నా? ఇగో, ఫోను స్పీకర్ల పెట్టి బల్ల మీద పెడుతున్న. లైన్ల గంగాప్రసాద్ ఉన్నడు, మా బ్యాండుల డ్రమ్ములు కొట్టినోడు, నందిపేటోడు, ఇప్పుడు మస్కట్‌ల హోటల్ బ్యాండుల కొడ్తుండు. పోయి పంతొమ్మిదేండ్లాయె, ఒక్క శుక్రవారం గుడ వాని ఫోన్ తప్పలే. నేను చెప్పేదానికి వాడు ఊ కొడ్తడు. ఊ రాకుంటే నేను ఆదివారం స్టేజీ ఎక్కను, బేసును అటక మీద పడేస్త. ఏం గంగాప్రసాద్?

"ఊ" అన్నది ఫోను.

ఇన్నవా? మా మొదటి ప్రోగ్రాం గీడనే, గీ మార్కెట్ యార్డుల్నే. నేను పెద్దగ ఏం చెయ్యలే, లావు తీగె ఒక్కపారి మీటిన, గంతే. రత్నవ్వ చాయ్ గ్లాసులు గజగజ వణికినయ్.

"గప్పుడు నా దుకాణమే లేదు గదరా" అన్నది చాయ్ వడపోస్తున్న రత్నవ్వ.

మీ అత్త దుకాణం ఉండె గదా, ఆమె గ్లాసులు. మధ్యల మాట కలుపకు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? పక్కపొంటి నలబై బస్తాల ఎండిన పసుపు, ఇంకా పాలిష్ పట్టలే. నేను రెండోపారి మీటిన్నో లేదో, కొమ్ములన్ని ఒకదానికొకటి రాసుకొని, పొట్టు రాలి, బంగారమోలె మెరిసినయ్. పాలిష్ పట్టే డ్రమ్ము తిప్పింది లేదు, కరెంటు కాలింది లేదు. అంకాపూర్ రైతులు వచ్చి, మా ఊర్ల గుడ జర వాయించు అన్నా అని నా చెయ్యి పట్టుకున్నరు. గట్లనేనా గంగాప్రసాద్?

"ఊ."

పోయిన. వాయించిన. చేన్ల నిలుసున్న మక్క కంకులు నిలుసున్నకాడనే పటపట పేలి ప్యాలాలైనయ్. ఊరోళ్లు మూడు దినాలు పొయ్యి ముట్టియ్యలే, ప్యాలాలే తిన్నరు.

"ఉప్పెవరేసిండ్రన్నా?" అని అడిగిండు రఘునందన్.

ఉప్పు ఎవరింట్లకెల్లి వాళ్లు తెచ్చుకున్నరు, నేను బేస్ వాయిస్తనా, ఉప్పు పంచుతనా? నవ్వుండ్రి, నవ్వుండ్రి. ఎన్నేండ్ల సంది నవ్వుతలేరు, గంగాదాస్ బేస్ ఎవనికి వినపడదని. పాడేటోడు కనబడ్తడు, డ్రమ్ములోడు కనబడ్తడు, బేసోన్ని ఎవడు చూస్తడు? బస్తా కుట్టినోని పేరు గుడ ఎవడు అడుగడు. కుట్టు ఊడితే మాత్రం అందరికి యాదికొస్తడు. ఊడనీయలే నేను, ఏడేండ్లు ఒక్క పాట గుడ ఊడనీయలే. నందిపేట దిక్కు వాయిస్తే గోదారి ఎనుకకు మర్లి, ఒడ్డు ఎక్కి కూసోని ఇన్నది. అవునా కాదా?

"ఊ..." అని జర సాగదీసింది ఫోను.

ఇగ అసలుది ఇనుండ్రి. మన ఆర్మూర్ గుట్ట మీద నల్లరాళ్లు ఒకదాని మీదొకటి గట్లెందుకున్నయో ఎన్నడన్న ఆలోచన చేసిండ్రా? నా చిన్నప్పుడు గది సాపుగ ఉండె, పైకెల్లి ఎడ్లబండి పోయేటిది. మా ఆఖరు ప్రోగ్రాం గా గుట్ట కిందనే. తెల్లారితే గంగాప్రసాద్ విమానం ఎక్కాలె. నాకు దుఃఖం ఆగుతలేదు, నాలుగు తీగెలు ఒక్కతాన గుంజి ఇడిసిన. రాళ్లు లేసినయ్, ఒకదాని మీదొకటి ఎక్కినయ్, మల్ల దిగలే. ఏం గంగాప్రసాద్?

ఫోను సప్పుడు చెయ్యలే.

"గంగాప్రసాద్?"

"అరే గంగాదాస్" అన్నది ఫోను మెల్లగ, "గోదారి దాక ఊ కొట్టిన. గా దినం నీ బేసుకు వైరే లేకుండె గదరా. ఎలుక కొరికిందని నువ్వే చెప్తివి. రెండు గంటలు ఉత్తగనే వాయిస్తివి. ఒక్కనికి గుడ వినపడలే. నాకు గుడ వినపడలే."

చాయ్ దుకాణమంత ఒక్కతీరు నవ్వింది. గంగాదాస్ లేసి ఫోను అందుకున్నడు. "మాట మాటే. ఇగ రాను" అన్నడు.

"జర ఆగురా" అన్నది ఫోను. "వినపడకుంటే నేను డ్రమ్ములెట్ల కొట్టిన్ననుకున్నవ్? నీ కాలు చూసుకుంట కొట్టిన. గా కాలు ఒక్క తాళం తప్పలే. గీడ ఎంతమంది బేసోళ్ల పక్కన కూసున్ననో లెక్క లేదు, ఇప్పటికి గుడ నీ కాలు యాద్ చేసుకొనే కొడ్త."

రఘునందన్ గ్లాసు బల్ల మీద పెట్టిండు.

"ఆదివారం రా అన్నా. వైరు నేను తెస్త."

గంగాదాస్ తువ్వాలతోని మొఖం తుడుసుకున్నడు. ఫోను మల్ల బల్ల మీద పెట్టిండు.

"తే. వైరు లేకుంటనే రాళ్లు గట్ల లేసినయ్. వైరు పెడితే ఏమైతదో, నన్ను అడుగొద్దు."

"ఆదివారం దుకాణం బంద్ పెడ్త బిడ్డా" అన్నది రత్నవ్వ, "నా గ్లాసులు కొత్తయి."