పేరు రాలేదని అడిగిన బావి

ఒరే పిల్లలూ, అందరూ వచ్చారా? ఫోను మధ్యలో పెట్టండి, గట్టిగా మాట్లాడే ఓపిక లేదు నాకు. మిషనరీ దొరలు తవ్వించిన మిషను బావి ఉంది చూడండి, పొద్దుగూకితే గొడ్లు కూడా అటు మొహం తిప్పవు, ఆ బావి సంగతే చెప్తన్నా.

మీ ఏలీషా తాత, నా తమ్ముడు, అందులోనే గదా పోయింది? బొక్కెన పడిందని దిగాడు, మెట్టు జారింది, అంతే. సరే, మట్టి చేశాం, తర్వాత ఆదరణ కూటం పెట్టారు, మరి మా పుట్టింటోళ్ళు బాప్టిస్టులు గదా, నన్నేమో ఆర్సీయం వాళ్ళకి, అదే కేథలిక్కులకి, ఇచ్చారు, మాకు చచ్చిపోయినోళ్ళకి ప్రార్థన ఉంటది, వాళ్ళకుండదు. పాస్టరుగారు మంచాయనే, ఆయనా ఏడ్చాడు, ఏడుస్తానే నా మరదలు దీనమ్మ పేరు చెప్పి ఆదరించు ప్రభువా అన్నాడు, ఆ తర్వాత కొడుకులూ, కోడళ్ళూ, ఆఖరికి ఈనబోయే గేదెని కూడా దీవించమన్నాడు, మావాడి పేరు మాత్రం ఎత్తలా. అదేందయ్యా అంటే, ఆయన ప్రభువు చేతిలో ఉన్నాడమ్మా, ఈ కూటం బతికున్నోళ్ళకి అన్నాడు.

మర్నాడు సందేళ దీనమ్మ కుళాయి కాడనించి బిందెతో వస్తంటే, బావిలోనించి మావాడు, ఏమే దీనమ్మా, అందరి పేర్లూ వచ్చినయ్యి, నా పేరు రాలేదేం, అని అడిగాడంట. కోపంగా కాదు, రేషను కొట్టు కాడ అడిగినట్టు.

బిందె అక్కడే పారేసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. అంతకుముందు ఏమనేది? మీ కొవ్వొత్తులకి మీ ఆయన సంపాదన చాలదొదినా అని ఎగతాళి చేసేది. ఇప్పుడేమో ఒక కొవ్వొత్తి ఇయ్యి వదినా, పాస్టరుగారికి చెప్పబాక అంటది.

ఇద్దరం పోయాం. గట్టు మీద కొవ్వొత్తి నిలబెట్టి, ఏలీషాకి నిత్య విశ్రాంతి దయచేయండి ప్రభువా అన్నా. లోపల్నించి పెద్ద నిట్టూర్పు, ఎండలో వచ్చినోడు నీళ్ళు తాగి విడిచినట్టు. దీనమ్మ ఆమెన్ అంది, బాప్టిస్టు మనిషి, నాకంటే గట్టిగా అంది. మళ్ళా తమ్ముడి గొంతు వినపడలా. నాకు కావాల్సిందీ అదే, ఏడుపూ అదే, ఆ గొంతన్నా ఉండేది గదా?

లేచి వస్తన్నాం. అప్పుడు వినపడింది, మరి నేనో, అని. ఎవరో ఆడమనిషి. ఆ వెనక ఇంకెవరో, మరి నేనో. ఒక పసిబిడ్డ, పేరు పెట్టకుండానే పోయిందేమో, ఏమీ అడగలా, ఊరికే ఊఁ అంది. బావి అడుగుదాకా ఉన్నారు నాయనా.

ఆర్సీయం అయినా బాప్టిస్టులయినా, సందేళ అటు పోబాకండి. పోయి ఒక్కరి పేరు ఎత్తారా, ఇంక తెల్లారేదాకా ఇంటికి రానియ్యరు.