బొచ్చె తలకాయ ఎవులికి

"మామ్మా, ఇంట్లో పెద్ద జీతం బాబాయిది కదా. మరి చేప తలకాయ ఎప్పుడూ నీ కంచంలోనే ఎందుకేస్తారు?"

అడిగీసావూ! కాలేజీ మానీసినా నీ సూపు మాత్రం మానలేదురా. కూకో, సెప్తాను.

నాను పెల్లై ఈ బెంగాలీ ఊరికి, ఈ ఏక్‌బాల్‌పూర్ గల్లీకి వొచ్చినప్పుడు, మా అత్త జీతం సూసి కూర ఏసీది. నిజింరా! మా మరిది ఓడల డాక్ ఆపీసులో బాబు, కుర్సీలో కూకుని రాసే పని. నాను మురికి కాలవలు ఎత్తే పని. ఆడి జీతంలో నాది పావొంతు... పావొంతు కూడా కాదేమో. అంచేత బొచ్చె తలకాయ ఆడికి, తోక నాకు. అప్పుడు బొచ్చె ఎంత సవకనుకున్నావు... సర్లే, అదొదిలీ. మీ తాతా? ఆయన నోరిప్పితే కదా!

"కంపు పనికి అంతకంటే ఎవులిత్తారు వదినా" అనీవోడు మరిది. నవ్వుతానే అనీవోడులే, సెడ్డోడు కాదు.

ఒక వానాకాలం, గల్లీలో నీరు మోకాలి దాకా. ఇంట్లోకీ వొచ్చీసింది. మరిది ఆపీసు బూట్లు సంకలో ఎట్టుకుని మంచం మీద. పొయ్యి మీద బొచ్చె ఉడుకుతంది.

"కాలవ సూడు వదినా, నానాపీసుకెల్లాల" అన్నాడు.

ఆవేళ నాకు సెలవు. కదల్లేదు. "సెలవు పూట దిగితే కూలెవులిత్తారు? కూలొద్దు. తలకాయ ఎట్టండి" అన్నాను.

అత్త గరిటెత్తింది. "ఎక్కువ తెచ్చీవోడికే తలకాయ!"

"ఐతే ఆ తెచ్చీవోన్నే దిగమను."

ఓలమ్మ, మరిది మొకం సూడాల! ఈలోగా నీరు పొయ్యి ఇటికెక్కింది, పొయ్యి సుయ్యిమంది. అత్త పొయ్యొంక సూసింది, కొడుకొంక సూసింది. "ఎడతానే, దిగు" అంది.

సీర దోపీసి, మా కాలవ పని జట్టు ఆడోల్లని కేకేసి దిగాం. ఎదురుబద్దెట్టి కుమ్మితే ఏటొచ్చిందనుకున్నావు? పరుపు! ఎవుడో పరుపు తోసీసినాడు కాలవలోకి. లాగీసరికి నీరంతా గుడగుడా... బెంగాలీ ఆడోల్లు మేడల మీంచి ఉలూ ఉలూ అని నాలికాడించి కూసినారు, పెల్లికి లాగ! టీ కొట్టు దాదా డబ్బులొద్దని అందరికీ టీ పోసీసినాడు.

వొల్లు తోముకుని కూకున్నాను. అత్త తలకాయ తెచ్చి నా కంచంలో ఏసింది. మరిది తోక నములుతా, "ముల్లెక్కువుంది వదినా" అన్నాడు.

"రోజూ అంతే నాయినా" అన్నాను.

జీతమా? పెరగలేదు. దానికి మల్లీ జట్టు కట్టి ఏరేగా కొట్లాడాం, కొంత గెలిసాం. తలకాయ మాత్రం మల్లీ నా కంచం దాటెల్లలేదురా!

రేపు నువ్వేటి పని పట్టుకుంతావో... జీతం సూసి నిన్నెవులైనా తోక కాడికి తోసీసినారనుకో... ఇంద, నోరు తెరు. ఈ సేప కన్ను నీది. సల్లగా బతుకు నాయినా... ముల్లు సూసుకో...