గడ్డి పరిచిన ఇల్లు

ఆ చివర పచ్చిటుకల ఇల్లా? కూర్చో శశీ, చెప్తాను. మా అల్లుడు ఇప్పట్లో రాడులే, మీ ఆఫీసు మీటింగులు నాకు తెలీనివా! ఆ ఇల్లు మన పక్కింటి మార్జొరీగారి తాతగారి తాతది. ఎజ్రా అని, మోర్మన్లని వీళ్లదో క్రైస్తవ శాఖలే, వాళ్లలో ఈ యూటాకి మొదట్లో వచ్చినోళ్లలో ఒకడు. నిన్న వీళ్లకి పయనీర్ డే కదా, ఆ మొదటోళ్లు ఇక్కడ దిగిన రోజు పండగ, ఆవిడ ఏదో తీపి పట్టుకొచ్చింది. మా ఆవిడ రత్నం టీ ఇవ్వబోతే, వాళ్ల మతంలో ముట్టరట, మంచినీళ్లే తాగింది పాపం. నేను రిటైరైన హవల్దార్నని తెలుసుగా, "మిస్టర్ తిరుపతయ్యా, మావాడూ సోల్జరే" అని మొదలెట్టింది. నాది మిలిటరీ ఇంగ్లీషే అనుకో, అయినా సోల్జర్ సంగతి నాకు అర్థం కాకపోవడమేంటి!

వీళ్లని తూర్పున ఊళ్లల్లోంచి తరిమేశారటయ్యా. బళ్లు కట్టుకుని పడమటికొస్తూ ఏటి ఒడ్డున దిగితే, మెక్సికోతో యుద్ధం, మనుషులు కావాలని గవర్నమెంటోళ్లు వచ్చారు. తరిమినప్పుడు ఎక్కడ చచ్చారో మరి! మతం పెద్దలు వెళ్లమన్నారు, ఎజ్రా వెళ్లాడు. కాలిఫోర్నియా దాకా నడకే. మొన్న కార్లో వెళ్తేనే నా నడుం పట్టేసింది... సర్లే. పెళ్లాం పేరు హన్నా. చంటిపిల్లతో బండిలో ఉండిపోయింది. ఒక్కతే ఎద్దుల్ని తోలుకుంటూ ఇక్కడికి చేరింది. దార్లో పిల్ల పోయింది. తర్వాతెప్పుడో ఈయన వచ్చాడు. "నాకో ఇల్లు కట్టు, ఇంక బండెక్కను" అందట. కట్టాడు. అదే ఆ ఇల్లు.

పదేళ్లు బాగానే ఉన్నారు, మళ్లీ పిల్లలు పుట్టారు. తర్వాత అదే గవర్నమెంటు వీళ్ల మీదకే సైన్యాన్ని పంపింది, చూశావా! "ఆడాళ్లూ పిల్లలూ దక్షిణానికి పొండి. ఇళ్లనిండా గడ్డి పరవండి. సైన్యం వచ్చి ఇళ్లల్లో దిగితే అంటించెయ్యండి" అని పెద్దల ఆర్డరు. హన్నా ఎక్కనంటే ఎక్కనంది. పిల్లలేడుస్తుంటే చివరికి ఎక్కింది. ఎజ్రా ఆ గడ్డిలో నిప్పు దగ్గరపెట్టుకుని కూర్చున్నాడు. సైన్యమొచ్చింది, ఏ ఇంటినీ ముట్టుకోకుండా దాటుకుని పోయింది. గడ్డంతా ఎత్తిపోసి పెళ్లాన్ని తీసుకొచ్చాడు.

గుమ్మంలోనే అడిగిందట. "వాళ్లు ఇక్కడ దిగుంటే అంటించేవాడివా?" అని. "ఆర్డరు కదా, అంటించేవాణ్ణి" అన్నాడట. ఆవిడ లోపలికెళ్లి వంట చేసింది. కానీ బండిలో తెచ్చిన సామాను పెట్టె మాత్రం ఖాళీ చెయ్యలేదట శశీ. గిన్నె కావాలంటే తియ్యడం, కడిగి మళ్లీ పెట్టెలోనే పెట్టడం. పోయేదాకా అంతే.

మా రత్నానికి కళ్లనీళ్లొచ్చేశాయి. "ఆ ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయింది ఆ మనిషికి?" అంది. సోల్జర్ అబద్ధం ఎలా ఆడతాడే అన్నాను. "అంటే మీరైనా అంటించేవారే" అని లేచి లోపలికెళ్లిపోయింది. నిన్న మధ్యాహ్నం మాట అది.

టీ తాగుతావా? రత్నాన్ని పెట్టమంటాను... వద్దులే, నేనే పెడతాను.