చెయ్యి ఎత్తాడు, అంతవరకే తెలుసు

గడ్డం ఇక్కడ ఆనించు, నుదురు అక్కడ ఆనించు, కదలకు అంటారు. బానే ఉంది. నోరు కదపకుండా ఎలా చెప్పనండీ డాక్టరమ్మా? అబ్బా, ఆ లైటేంటి, బుర్రలోకే దూరిపోతోంది!

ఏడాదిలో మూడు కళ్ళజోళ్ళు మార్చాను. ఒక నెల సరిపోయిన అద్దం మరో నెలకి మసక. కళ్ళజోళ్ళ షాపాయన మీద గయ్యిమని లేచాను కూడా. ఒంట్లో చక్కెర పెరిగితే కంటి కటకంలోకీ చేరుతుందని, అది నీళ్ళు లాగి ఉబ్బుతుందని, మీరు చెప్పేదాకా నాకేం తెలుసు? పాపం, ఆయన తప్పేం లేదు.

ఆఁ, నిజమే, పోయినేడే చెప్పారు. కంటి వెనక పొరలో సన్నటి నరాల్లోంచి నెత్తురు ఊరుతోంది, లేజరు పెట్టించుకోమని. నొప్పి లేదు కదా అని ఊరుకున్నా. పుండైతే సలుపుతుంది. ఇది దొంగలా వచ్చి కూర్చుంది!

అసలు సంగతి అది కాదులెండి. లేజరంటే సెలవు పెట్టాలి, సెలవంటే కారణం చెప్పాలి. కంటిజబ్బు ఉన్నవాణ్ణి క్రేన్ ఎక్కనిస్తారా? ఇరవై రెండేళ్ళు క్రేన్ నడుపుతూ పైన ఆ గూటిలోనే బతికాను. నేలమీద నాకొచ్చిన పనేదీ లేదు.

బయట బెంచీ మీద, చంకలో కర్రతో ఒకతను కూర్చున్నాడు, చూశారా? మా ఆవిడ తమ్ముడు. మీరు చుక్కలమందు వేస్తే చూపు ఆనదని, కుంటుకుంటూ వచ్చి నన్ను నడిపించుకొచ్చాడు.

అతనిదీ మా సైటే. కింద నిలబడి నాకు సైగలు చేసేవాడు. పిడికిలి బిగిస్తే ఆపమని, అరచెయ్యి కిందికి ఊపితే దించమని. ఆర్నెల్ల కిందట నేను ఇనుప దూలం దించుతుంటే, దాని కింద అతని కాలు నలిగింది. విచారణ పెట్టారు. 'పిడికిలే బిగించాను' అన్నాడతను. నన్నడిగారు. 'అరచెయ్యి ఊపాడు' అన్నాను. తడుముకోలేదు కూడా!

పైనున్నవాడికి అన్నీ కనిపిస్తాయని లోకం నమ్మకం కదా. నా మాటే చెల్లింది. అతని ఉద్యోగం ఊడింది. ఇప్పుడు తనే అంటాడు, 'కంగారులో నేనే తప్పు సైగ చేశానేమో బావా' అని. మా ఆవిడా తమ్ముణ్ణే తిడుతుంది. నేను అన్నం కలుపుకుంటూ వింటాను.

వద్దమ్మా, అతన్ని లోపలికి పిలవకండి! ఆగండి, చెప్తాను.

ఆ రోజు లేచేసరికే కంట్లో మసి దారాలు వేలాడుతున్నాయి. అయినా ఎక్కాను. అతను చెయ్యి ఎత్తాడు. అంతవరకే తెలుసు. పిడికిలో, అరచెయ్యో, నాకు కనపడలేదమ్మా. మామూలుగా దించమనేగా అంటాడని దించేశాను.

ఇక మీ ఇష్టం. క్రేన్‌కి పనికిరాడని రాస్తే నా కూడు పోతుంది. రాయకపోతే రేపు మళ్ళీ ఎక్కుతాను, మానుకునే ధైర్యం నాకు లేదు. కింద ఇప్పుడు ఎవరో కొత్తమనిషి నిలబడుతున్నాడు. మొహం ఎలా ఉంటుందో కూడా నేనింకా చూడలేదు.