గూడూరు పోయిన తేనెటీగలు

నగరిలో కూతురి కాన్పు చూసుకుని నాలుగోనాడు ఊరికొచ్చిన వరదయ్య, చేతిసంచీతోనే అక్కమ్మ టీ అంగడి ముందర నిలబడి "దొరస్వామీ, నా ఈగలేవప్పా?" అన్నాడు. ఆయన ప్రాణమంతా ఆ ఒక్క తేనెపెట్టె మీదే. తాను చూసుకుంటానని మాటిచ్చింది దొరస్వామే.

దొరస్వామి గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"కూసో వరదన్నా. పెట్టెలో ఈగలు తగ్గినాయి, కాదనను. ఎందుకో ఇంటే నువ్వే నాకు టీ పోయిస్తావు. ఆపొద్దు మనూరికొచ్చిన తిరపతి వ్యవసాయ కాలేజీ సారు ఏం చెప్పినాడు? ఈగ ఒంట్లో హార్మోనని ఒకటుంటాదంట. పడుసు ఈగకి అది కొంచెమే, అందుకే ఇంట్లోనే ఉండి పిల్లపురుగులకి మేత పెడతాది. వయసొచ్చేకొద్దీ అది పెరిగి బయట మేతకి పోతాది, దోవ, వాసన, రంగు అన్నీ నేర్సుకుంటాది. నేనేం చేసినా? సక్కెర పాకంలో రెండు సుక్కలు రాగి అంబలి కలిపి పెడితిని. అంతే! ముందురోజు పుట్టిన ఈగ కూడా తెల్లారేసరికి మేతకి బయల్దేరె!"

"అంబలికేనా?" అంది అక్కమ్మ.

"మా నాయన ఇసిరిన రాగులక్కా అవి! మొదటి దినం మామిడిపూత మేసినాయి. రెండోదినం కాణిపాకం పోయి స్వామి మెళ్లో దండ వాసన చూసొచ్చినాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? నిమ్మపూత రుచి మరిగినాయి. మనూళ్లో నిమ్మతోట యాడుండాది? గూడూరు పోవాల. అంత దూరం రెక్కలాడిస్తే నొప్పులు రావా? రేణిగుంటలో రైలెక్కినాయి! కిటికీ పక్కన వరసగా కూసోనుంటే నా కళ్లారా చూసినా."

"మరి టికెట్టు?"

"మూడు దినాల బిడ్డలకి టికెట్టేందక్కా! గూడూరులో దిగి కడుపునిండా మేసి, తిరుగు బండికి రావాల్నా? రాలే. హార్మోను ఎక్కువై సదువు ముదిరిపోయె గదా, పక్కబండి బోర్డు చదువుకొని ఢిల్లీకి పోయినాయి. ఇప్పుడు ఆడ పెద్దపెద్ద సార్లకి పాఠాలు చెప్తా ఉండాయి. అంత సదివినవి మన పెట్టెకి మళ్లీ వస్తాయా? అది వాటి తప్పు గాదన్నా. నా తప్పు అంతకన్నా గాదు."

ఆ చివరి మాట అంటూ అతను గ్లాసు వైపు తల దించుకున్నాడు.

వరదయ్య అతని కళ్లలోకే చూశాడు. "పెట్టెని జరిపినావు గదా?"

"ఎండకి కాగిపోతాయని... చింతమాను నీడకి. యాభై అడుగులే."

"ఎప్పుడు?"

"నిన్న మిట్టమధ్యాన్నం."

"పొద్దుమునిగి అన్నీ లోపలికి చేరినంక, రోజుకు జానెడే జరపాలని చెప్పి పోతిని గదప్పా! మేతకి పోయినవి తాము నేర్సుకున్న తావుకే తిరిగొస్తాయి. బస్సు దిగి చేని మీదుగానే వచ్చినా. ముందు పెట్టె ఉండిన రాతిమీద గుత్తిగా కూసోనుండాయి. పెట్టె తెచ్చి ఆడనే పెడితే బిలబిలా లోపలికి పోయినాయి."

"అన్నీనా?"

"అన్నీ."

దొరస్వామి కుండెడు బరువు దించినట్టు ఊపిరి వదిలి, బెంచీ మీద కూలబడ్డాడు. కళ్లు చెమర్చాయి. "హమ్మయ్య! నీకు మొకం ఎట్లా సూపించాల్నో తెలీక నిన్నటినుంచి ముద్ద దిగలేదన్నా. అక్కా, రెండు బన్నులియ్యి, కడుపు కాలతా ఉండాది."

"బన్నులెందుకప్పా?" అంది అక్కమ్మ. "రెండు సుక్కలు అంబలి పోస్తా. తాగితే నువ్వూ రవ్వంత నేర్సుకుంటావు."